ఎంగిలి లెక్కలు

నా చిన్నప్పుడు ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ నేను ఛీఛీబాబునే. ఆ పేరుకి తగ్గట్టే ఉండేవాణ్ణి. అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూట పస్తే. పాల మీద మీగడ కడితే నాకు కడుపులో తిప్పేది. ఒకరు తాగిన గ్లాసు ఇస్తే బూడిద పెట్టి తోమి, రెండోసారి కడిగి, అప్పటికీ పెదవికి ఆనించకుండా ఎత్తి పోసుకునేవాణ్ణి. ఎదురుగా ఎవరైనా చప్పుడు చేస్తూ నమిలితే కంచం పట్టుకుని పెరట్లోకి పోయేవాణ్ణి. ఇప్పటికీ పెద్దగా మారలేదు. పెళ్లిళ్లకి పిలిస్తే అక్షింతలు వేసి, తాంబూలం పుచ్చుకుని వచ్చేస్తాను. తిన్న చేత్తోనే గరిట పట్టుకుని వడ్డించుకునే ఆ భోజనాలు నా వల్ల కావు. ఈ రోత నాతో పుట్టింది. దాన్ని పట్టుకుని నాకు ఆల్జీబ్రా నేర్పించవచ్చని మా మామ్మకి తప్ప ఇంకెవరికీ తోచలేదు. మా మామ్మకి చదవడం రాదు, రాయడం రాదు.

మాది అనకాపల్లి శివార్లలో చెరకూ వరీ పండించుకునే కుటుంబం. యుద్ధం రోజులవి. మా ఊళ్లో హైస్కూలు వరకే చదువు. ఇంటర్మీడియట్ కావాలంటే రోజూ పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నం వెళ్లాలి. మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. లెక్కల గ్రూపు తీసుకున్నానంటే అదేదో ఇష్టం కొద్దీ అనుకునేరు. ఇంకో గ్రూపులో చేరితే కప్పని కోయాలని ఎవరో చెప్పారు. అంతే, రెండో ఆలోచన లేకుండా లెక్కల కింద సంతకం పెట్టేశాను.

ఆ రైలు సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బొగ్గు పొగ, కళ్లలో నలుసులు, కాళ్ల కింద బీడీ ముక్కలు, వేరుశనగ తొక్కలు. ముందు పెట్టె కిటికీలోంచి ఎవరో ఉమ్మితే అది గాలికి వెనక పెట్టెలో వాళ్ల మొహాన పడేది. విశాఖపట్నం వచ్చేదాకా నేను జేబురుమాలు ముక్కుకి కట్టుకుని తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. ఇంత అసహ్యం భరించి కాలేజీకి వెళ్తే అక్కడ ఆల్జీబ్రా. స్కూల్లో లెక్కలంటే అంకెలుండేవి, పోనీ అనుకునేవాణ్ణి. ఇక్కడ అక్షరాలు. అవీ ఇంగ్లీషువి. వాటి పక్కన ఆల్ఫా, బీటా అని గ్రీకువాళ్లవి ఇంకో రెండు. ఎక్స్ అనేది ప్రతి వరుసలోనూ పురుగులా పాకుతూ కనిపించేది. లెక్చరర్ గారు బోర్డు నిండా రాసి, తుడిచి, మళ్లీ రాసేవారు. నాకు సుద్దపొడి తప్ప ఏమీ అంటేది కాదు.

అప్పుడు మా నాన్న నన్ను ట్యూషన్‌లో పెట్టారు. మా ఊళ్లో ఒక మేష్టారు సాయంకాలాలు తన అరుగు మీద కాలేజీ కుర్రాళ్లకి లెక్కలు చెప్పేవారు. మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత చెప్పబోయేవన్నీ ఆయన మీద రోతగానే వినిపిస్తాయి. ఆయనకి పొడుం అలవాటు. వేళ్ల సందున ఇంత పొడుం తీసుకుని, రెండు ముక్కుల్లోకీ ఎగబీల్చి, కళ్లు మూసుకుని, ఇల్లదిరేలా తుమ్మి, ఆ చెయ్యి పంచెకి తుడుచుకుని, అదే చేత్తో నా పలక అందుకునేవారు. పలక మీద లెక్క తప్పితే బొటనవేలు నాలిక మీద రాసుకుని, దాంతో చెరిపేవారు. ఇంటికెళ్లగానే నేను ఆ పలకని నూతి దగ్గర ఇటుకపొడితో రుద్ది కడిగేవాణ్ణి.

ఆయన పద్ధతి ఏమిటంటే, పుస్తకంలో ఉన్న లెక్కలన్నీ ఆయనే చేసేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక నోట్సు తయారు చేశారు. పాపం, పిల్లలు కష్టపడకూడదని రాత్రుళ్లు కూర్చుని రాశారు. మేం దాన్ని ఎత్తి రాసుకోవాలి. కాగితం కరువు రోజులు గనక చీమ తలకాయంత అక్షరాలతో, అంచుల్లో కూడా ఖాళీ వదలకుండా రాసుకున్నాం. ఆ తరవాత అరుగు మీద కూర్చుని అందరం ఒకే గొంతుతో వల్లె వేయాలి. లెక్క ఎందుకు అలా వచ్చిందని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆయన చెప్పేవారూ కాదు. అర్థం పరీక్షలో అడగరు, జవాబే అడుగుతారు అనేవారు. నాకూ హాయిగా ఉండేది. ఆ ఎక్స్‌తో తలపడే పని లేదు. పాట నేర్చుకున్నట్టు నేర్చుకోవడమే.

క్రిస్మస్ సెలవులకి ముందు కాలేజీలో పరీక్ష పెట్టారు. ఒక సమీకరణం ఇచ్చి, దాని రెండు మూలాల వర్గాలూ కలిపితే ఎంతవుతుందని అడిగారు. నోట్సులో అచ్చంగా అలాంటిదే ఉంది. ఆల్ఫా ప్లస్ బీటా హోల్ స్క్వేర్ అంటూ చివరి వరుస తలుచుకుని, అందులో ప్రశ్నలో ఉన్న అంకెలు వేసి, ముప్పై ఏడు అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. మా అరుగు కుర్రాళ్లందరం బయటికొచ్చి జవాబులు చూసుకున్నాం. అందరిదీ ముప్పై ఏడే. ఇక ఏం భయం లేదనుకుని స్టేషనుకి నడిచాం.

సెలవులయ్యాక లెక్చరర్ గారు మా కాగితాలని విడిగా ఒక కట్టగా తెచ్చారు. ఒక్కో కాగితాన్నీ రెండు వేళ్లతో, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి, బల్ల మీద పడేశారు. నేనూ ఇంట్లో చాలా వస్తువుల్ని అలాగే పట్టుకుంటాను గనక ఆ పట్టుకోవడంలో ఎంత అసహ్యం ఉందో నాకు తెలుసు. "ఇవన్నీ ఒకే నోట్లోంచి ఊడిపడ్డాయి. రెండుకీ మూడుకీ వర్గాలు కలిపితే ముప్పై ఏడా! మీ అనకాపల్లిలో అంకెలు కూడా బెల్లం తిని లావెక్కుతాయా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ రెండూ మూడూ ఎక్కణ్ణించి వచ్చాయో నాకు తెలియలేదు. మార్చిలో మళ్లీ పరీక్ష ఉంటుందనీ, అందులో ఆల్జీబ్రా తప్పినవాళ్లని సీనియర్ క్లాసుకి పంపననీ ఆయన చెప్పారు.

ట్యూషన్ మేష్టారికి చెబితే, ఆ లెక్చరర్‌కి మన ఊరంటే కడుపుమంట అన్నారు. మేమూ అదే నమ్మాం. నోట్సులో తప్పుంటుందని ఎవరికి తోస్తుంది? అంత అందమైన దస్తూరీ.

మా నాన్నకి మాత్రం ఈ కడుపుమంట కబురు రుచించలేదు. ఆయన నిదానంగా మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, "మార్చిలో తప్పేవంటే మరి ఆ రైలు మాట ఎత్తకు. మీ మావయ్య కొట్లో కూకుందువుగాని" అన్నారు.

కొట్టంటే బెల్లం కొట్టు. మా మేనమామకి అనకాపల్లి బజారులో బెల్లం వ్యాపారం ఉండేది. బెల్లం తినేవాళ్లకి బెల్లం కొట్టు తెలియదు. నేల మీద అడుగు పెడితే కాలు ఊడి రాదు. పాకం కారిన గోనెల మీద ఈగలు, కందిరీగలు, గండుచీమలు. చెమట కారుతున్న ఒళ్లతో దిమ్మల్ని కౌగిలించుకుని మోసేవాళ్లు. ఎండ పెరిగేకొద్దీ పులిసిన వాసన. ఒకసారి మా మావయ్య ప్రేమగా ఓ దిమ్మ పగలగొట్టి నాకు ముక్క ఇస్తే అందులో ఈగ ఉంది, రెక్కలతో సహా. ఈగని గోటితో గిల్లి అవతల పారేసి, ఆ ముక్క ఆయనే నోట్లో వేసుకున్నాడు. జీవితమంతా ఆ కొట్లో గుమాస్తాగా కూర్చోవాలని తలుచుకుంటే నాకు ఏడుపు వచ్చేది. ఆల్జీబ్రా తప్పితే నా బతుకు ఆ జిగట నేలకి అంటుకుపోతుంది. అందుకని ఇంకా గట్టిగా బట్టీ పట్టడం మొదలుపెట్టాను. పొద్దున రైల్లో, సాయంకాలం అరుగు మీద, సెలవు రోజున మా వెనక వసారాలో, ఒకటే పాట.

ఆ వసారాలోనే మా మామ్మ ఉండేది. మా నాన్నకి తల్లి. మా వైపు ఆడవాళ్లలో చాలామందికి అప్పట్లో ఉన్నట్టే ఆవిడకీ అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్లకి చెబుతున్నాను, చుట్ట వెలిగించి ఆ నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని పీల్చడం. బయటికి చుట్ట మొదలు మాత్రం కనిపిస్తుంది. నుసి ఎక్కడికి పోతుందో నేను అడగలేదు, తెలుసుకోవాలని కూడా లేదు. కిళ్లీ కూడా వేసేది. పెదవులు నల్లగా, చిగుళ్లు ఎర్రగా ఉండేవి. తక్కిన మనవలందరికీ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. నా చిన్నతనంలో ఒకసారి నాకూ పెట్టబోతే నేను మొహం తిప్పుకుని కక్కుకున్నానట. ఆ తరవాత ఆవిడ నాకెప్పుడూ పెట్టలేదు. కోపం లేదు. నాకు ఏదైనా ఇవ్వాలంటే తొక్క తీయని పండో, పగలగొట్టని కొబ్బరికాయో తెచ్చి నా పక్కన పెట్టి పోయేది.

జనవరిలో ఒక ఆదివారం. చెరకు నరుకుతున్న రోజులు. ఇంట్లో తినడానికని తెచ్చిన గడలు వసారా గోడకి ఆనించి ఉన్నాయి. నేను నోట్సు ముందు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ వల్లె వేస్తున్నాను. మా మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టి, నేను ఆగినచోట అందుకుంది.

"ఆల్పా పలస్ బీటా ఓలు స్కేరు పలస్ టూ ఆల్పా బీటా" అంది, నా రాగంలోనే.

నేను కళ్లు తెరిచాను. ఆవిడ ఆగలేదు. దాని తరవాతదీ చెప్పింది. ఆ తరవాతదీ చెప్పింది. నేను రోజూ తడబడే చోట కూడా తడబడకుండా వెళ్లిపోయింది. నెలల తరబడి అదే వసారాలో వింటున్న మనిషి మరి. చెప్పడం అయ్యాక నా వైపు చూసి, "నాకూ వచ్చీసింది కదరా గుంటడా. నాకూ పాసిచ్చేత్తారేటి?" అంది.

నాకు ఒళ్లు మండింది. నీకు అర్థం తెలుసా అని అరిచాను.

"నీకు తెలుసేటి?" అంది.

ఇది మేష్టారు చేసిన లెక్క, నేర్చుకుంటే చాలు అన్నాను.

మా మామ్మ లేచి గోడ దగ్గరికి వెళ్లి ఒక గడ తీసింది. మోకాలికి వేసి విరిచి, పళ్లతో చెక్కు చీల్చి, ఓ ముక్క కొరికి, నా ఎదురుగా కూర్చుని నమలడం మొదలుపెట్టింది. రసం గుటకలు వేస్తున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. బాగా నమిలాక ఆ పిప్పిని అరచేతిలోకి ఊసి, చెయ్యి నా మూతి దగ్గరికి చాపింది.

"ఇందా, తిను. నీకెందుకు సెమ? నాను నవిలీసేను గదా."

ఆ క్షణం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆ అరచెయ్యి, ఆ తడి పిప్పి, అందులో అక్కడక్కడా ఎర్రటి చారలు. కిళ్లీ రంగు దిగిందనుకున్నాను. గోడకి కరుచుకుపోయి ఛీ, ఛీ అని అరుస్తున్నాను. ఆవిడ మాత్రం వింత చూసినట్టు మొహం పెట్టింది. "అదేట్రా? మన సెరుకే. మన సేలోదే. మేష్టరు నవిలి ఊసింది రోజూ తింతన్నావు, నాది తినలేవేటి?" అంది.

ఆవిడ అంతటితో ఊరుకుని ఉంటే నేను ఆ మాట మర్నాటికి మరిచిపోయి మళ్లీ ఊగుతూ కూర్చునేవాణ్ణేమో. ఆవిడకి నా సంగతి బాగా తెలుసు. నా నోట్సు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మొదటి పేజీ తెరిచి, చేతిలో ఉన్న పిప్పి అందులో పెట్టింది. మళ్లీ ఓ ముక్క కొరికింది, నమిలింది, రసం మింగింది, పిప్పి రెండో పేజీలో పెట్టింది. తీరిగ్గా, పువ్వులు పేర్చినట్టు. నేను కాళ్లు నేలకేసి కొట్టి ఏడుస్తుంటే వంటింట్లోంచి మా అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏటత్తా ఇది! కాయితం దొరకని రోజుల్లో గుంటడి సదువు పాడుసేత్తన్నావు!" అని తల బాదుకుంది. మా మామ్మ తలెత్తకుండా ఇంకో ముక్క కొరికింది. గడ మొత్తం అయ్యేదాకా నమిలింది. ఆఖరికి నోట్సు మూసి, పీట కింద పెట్టి, ఆ పీట మీద కూర్చుంది.

సాయంకాలానికి చీమలు పట్టాయి. ఆ నోట్సులో ఆల్జీబ్రా అంతా ఉంది, చెక్కుచెదరలేదు. అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇంకో కుర్రాడైతే దులుపుకుని, ఎండలో ఆరబెట్టుకుని, మర్నాడే చదువుకునేవాడు. నేను ఆ పుస్తకాన్ని కర్రతో కూడా తాకలేకపోయాను. మళ్లీ ఎత్తి రాసుకుందామంటే బజార్లో కాగితం లేదు. మా మామ్మని నేను అంతగా అసహ్యించుకున్న రోజు అంతకు ముందూ లేదు, ఆ తరవాతా లేదు.

మర్నాడు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చూస్తే వసారాలో నా పలక పక్కన చెక్కు తీయని చెరకు ముక్క ఒకటి ఉంది. మా మామ్మ కనిపించలేదు. ఆ వారమంతా ఆవిడ అన్నం తినలేదు, అంబలి తాగి పడుకుంది. కడుపులో బాగులేదని మా అమ్మ అంది. అంత చెరకు నమిలితే బాగుంటుందా, తగిన శాస్తే జరిగిందని నేను మనసులో అనుకున్నాను.

నోట్సు లేదు గనక పాఠ్యపుస్తకం తెరిచాను. అందులో ప్రశ్నలుంటాయి, చివర జవాబులుంటాయి, మధ్యలో దారి ఉండదు. ఉక్రోషం కొద్దీ ముందు ఆ పాత పరీక్ష లెక్కే పలక మీద వేసుకున్నాను. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఫైవ్ ఎక్స్ ప్లస్ సిక్స్ ఈజ్ ఈక్వల్ టు జీరో. మూలాలంటే ఏమిటో మొదటిసారి పుస్తకంలో చదివాను. ఎక్స్ ఉన్నచోట ఏ అంకె పెడితే మొత్తం సున్నా అవుతుందో అదే మూలం. అంతే! ఇంత చిన్న సంగతి కోసం నేను ఇన్నాళ్లు ఊగానా? ఒకటి పెట్టి చూశాను, కుదరలేదు. రెండు పెట్టాను. నాలుగు, అందులోంచి పది తీసేసి, ఆరు కలిపితే సున్నా. మూడు పెట్టాను. తొమ్మిది, అందులోంచి పదిహేను తీసేసి, ఆరు కలిపితే అదీ సున్నాయే.

రెండు, మూడు.

లెక్చరర్ గారు అన్న రెండూ మూడూ ఇవే. వీటి వర్గాలు నాలుగూ తొమ్మిదీ. కలిపితే పదమూడు. స్కూలు పిల్లవాడు కూడా చెప్పే లెక్క. మరి నా నోటికి వచ్చిన పాట ముప్పై ఏడు అంటోంది. నేను నమ్మలేదు. పలక కడిగి మళ్లీ చేశాను. పదమూడే. అంత అందమైన దస్తూరీ తప్పా, నేను తప్పా? ఆ సంగతి తేలేదాకా చెరకు ముక్క ముట్టుకోలేదు, అన్నానికి లేవలేదు.

మర్నాడు రైలు దిగగానే ట్యూషన్ మేష్టారి ఇంటికి వెళ్లి అసలు నోట్సు చూపించమన్నాను. మేం ఎత్తి రాసుకున్న ఆ పేజీ తీశారు. పై వరుసలో 'మైనస్ టూ ఆల్ఫా బీటా' అని ఉంది. కింది వరుసలో, చివరిదానిలో, ప్లస్ ఉంది. రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఇన్నాళ్లలో మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు. నేను వేలుపెట్టి చూపిస్తే మేష్టారు కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం వెలుగులోకి వంచి, చిటికెన వేలి గోటితో ఆ ప్లస్‌ని గీకారు. నిలువు గీత పొలుసులా ఊడి వచ్చింది. కింద శుభ్రమైన మైనస్ ఉంది.

"పొడుంరా" అన్నారాయన, గోరు పంచెకి తుడుచుకుంటూ.

తుమ్మినప్పుడు పడిన చుక్క. గోధుమరంగు చుక్క, ఎండి నిలువుగా సాగింది. పాతికలోంచి పన్నెండు తీసేయవలసిన చోట కలిపేశాం మేమందరం. నేను ఆ పరీక్షలో రాసింది ఆల్జీబ్రా కాదు. మేష్టారి ముక్కులోంచి పడిన దాన్ని నెలల పాటు రాగం తీసి పాడి, నోటికి పట్టించుకుని, కాలేజీకి మోసుకెళ్లి, కింద రెండు గీతలు గీసి వచ్చాను. గ్లాసుకి పెదవి ఆనించని వాణ్ణి! ఆ అరుగు దిగి నూతి దగ్గరికి వెళ్లి ఎన్నిసార్లు పుక్కిలించానో చెప్పలేను. నోరు కడిగితే పోయేది కాదని తెలుస్తూనే ఉంది. అయినా కడిగాను.

మేష్టారు అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నారు. "ఇంతమంది సదివేరు, ఒక్కడూ సూడలేదట్రా?" అన్నారు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. ఆయన మాకోసం నమిలి నమిలి అలిసిపోయిన మనిషి. కోపం రావలసింది మా మీద.

ఆ రోజు నుంచి ఒకరు చేసిన లెక్క చూస్తే నాకు కడుపులో తిప్పడం మొదలైంది. ఇది పొగడ్త కోసం చెప్పడం లేదు, నిజంగానే తిప్పేది. రైల్లో మావాళ్లు ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎక్కించుకుంటుంటే నేను తలుపు దగ్గరికి పోయి నిలబడేవాణ్ణి. లెక్చరర్ గారు బోర్డు మీద చేసి చూపిస్తుంటే కూడా ప్రశ్న రాసుకుని తల వంచుకునేవాణ్ణి. నా లెక్క నేను చేసుకున్నాకే తలెత్తి, ఆయనదీ నాదీ ఒకటయ్యాయో లేదో చూసుకునేవాణ్ణి. సగం తప్పేవి. తప్పినా అవి నా తప్పులు, నా నోట్లోవి, వాటి మీద నాకు రోత లేదు. సాయంకాలం వసారాలో చెక్కు తీయని ముక్క రోజూ ఉండేది. మొదట్లో మూతి చీరుకుపోయేది. తరవాత అలవాటైంది. చెరకు నములుతూ లెక్కతో కూర్చునేవాణ్ణి. ఏ ముక్క ఎటు నుంచి చీల్చాలో పళ్లకి తెలిసినట్టే, ఏ లెక్క ఎటు నుంచి విడుతుందో కొన్నాళ్లకి చేతికి తెలిసింది. ఆల్జీబ్రాలో అక్షరాలు నన్ను వెక్కిరించడానికి పెట్టినవి కావనీ, ఏ అంకె వచ్చి కూర్చున్నా చెల్లేలా వదిలిన ఖాళీ పీటలనీ ఒక సాయంత్రం తోచింది. ఆ సాయంత్రం ఎక్స్ మీద నాకున్న అసహ్యం పోయింది. నా అసహ్యాల్లో పోయింది అదొక్కటే.

మార్చి పరీక్షలో మూలాల వర్గాలు అడగలేదు. ఘనాలు కలిపితే ఎంతో చెప్పమన్నారు. నోట్సులో లేదు. మా అరుగు కుర్రాళ్లు అటూ ఇటూ చూసుకుంటున్నారు. నేనూ అలాంటిది ఎప్పుడూ చేయలేదు. నా కళ్ల ముందు బెల్లం కొట్టు, ఆ ఈగ, ఆ జిగట నేల కదిలాయి. కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. తరవాత ఒక మూల నుంచి చీల్చడం మొదలుపెట్టాను.

ఫలితాల రోజున లెక్చరర్ గారు నా కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకోలేదు. అరచేతిలో పెట్టుకుని తెచ్చారు. "ఇది మాత్రం వేరే నోరు" అన్నారు. నేను సీనియర్ క్లాసుకి వెళ్లాను. ఆ పై ఏడు ఇంటర్మీడియట్ ప్యాసయ్యాను, ఆల్జీబ్రాలో మంచి మార్కులతో. ఆ తరవాత ఇంజనీరింగు చదివి, ఉద్యోగం చేసి, రిటైరయ్యాను. బెల్లం కొట్టులో మా మావయ్య కొడుకే కూర్చున్నాడు. నా కన్నా బాగా సంపాదించాడు, అది వేరే సంగతి.

జూనియర్ ఇంటర్ గట్టెక్కిన కబురు మోసుకుని ఇంటికి వచ్చిన రోజున మా నాన్న తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నారు. మా మామ్మ వసారాలో చుట్ట కాలుస్తోంది. చెప్పాను. ఆవిడ చుట్ట తీసి, "నీ పళ్లతోటేనా?" అని అడిగింది. అవునన్నాను. సరే అన్నట్టు తల ఊపి చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది, నిప్పు లోపలికి. నేను ఎప్పటిలాగే మొహం తిప్పుకున్నాను. ఆవిడ నవ్వింది.

ఇక్కడితో అయిపోయిందనే చాలా ఏళ్లు అనుకున్నాను. ఉద్యోగంలో నా కింద పనిచేసినవాళ్లకి ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. ఎవరో చేసిన లెక్క మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టమంటే 'ఎంగిలి' అని పక్కకి తోసేసేవాణ్ణి. ఇప్పుడు మా మునిమనవరాలు ఇంటర్ చదువుతోంది. లెక్కలన్నీ చేసేసిన జవాబులు ఫోన్‌లోనే వస్తాయట. నా దగ్గరికి తెచ్చి సరిగ్గా ఉందా తాతయ్యా అంటే, జవాబు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ముందు ప్రశ్న చదువు అంటాను. అది విసుక్కుంటుంది. విసుక్కోనీ.

కథ అక్కడితో అయిపోలేదని తెలిసింది నేను రిటైరయ్యాకే. ఓ జనవరిలో మా చేలోకి వెళ్లాను. కోత జరుగుతోంది. చాలా ఏళ్లయింది కదా అని ఒక ముక్క విరిచి, చెక్కు చీల్చబోయాను. అప్పటికే నా పళ్లు రెండు కదులుతున్నాయి. కొరికిన మొదటి ముక్కకే కళ్లలో నీళ్లు తిరిగాయి. పంతం కొద్దీ నమిలి, పిప్పి అరచేతిలోకి ఊశాను. అందులో అక్కడక్కడా ఎర్రటి చారలు. నేను జీవితంలో ఎప్పుడూ కిళ్లీ వేసుకోలేదు.

చేను గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. నా నోట్సులో పిప్పి పెట్టిన వేళకి మా మామ్మ, ఆ గట్టు మీద కూర్చున్న నాకన్నా పెద్దదే అయి ఉంటుంది. నోట్లో మిగిలినవి ఎన్ని పళ్లు, వాటిలో గట్టివి ఎన్ని, నేను ఎప్పుడైనా చూస్తేగా! చూడాలంటేనే రోత కదా నాకు. నోట్సులో ప్రతి పేజీకీ ఇంత పిప్పి రావాలని, ఆ చిగుళ్లతో గడ మొత్తం నమిలింది. నా మొహంలో ఉన్న అసహ్యాన్ని ఎదురుగా చూస్తూ నమిలింది. వారం రోజులు అంబలి ఎందుకు తాగిందో ఎవరికీ చెప్పలేదు. నేను తగిన శాస్తే అనుకున్నాను.

ఈ వయసులో కూడా నేను అన్నిటినీ ఛీ అంటూనే ఉన్నాను. గ్లాసుని, గరిటని, రైలుని, ఫోన్‌లో నమిలి పంపే జవాబుల్ని. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఛీఛీతాతయ్య అని నవ్వుతారు. నవ్వనీ. ఆ అరచేతిలోని పిప్పిని మాత్రం ఆ రోజు తరవాత మళ్లీ ఛీ అనలేకపోయాను.